మంచుపొరల మాటున

మార్గశిర, పుష్య మాసాలలో మాడుగులలో తెల్లవారిన వెంటనే కొండలు కనిపించవు. ఊరికి ఎగువన నిలిచిన తూర్పు కనుమలు పొగమంచులో మునిగి, ప్రొద్దెక్కిన తరువాత గాని ఒక్కొక్కటిగా బయటపడవు. చోడవరం నుండి మాడుగుల మీదుగా పాడేరుకు ఎక్కే బస్సులు ఆ వేళ దీపాలు వెలిగించుకొనే ఘాటు మలుపులు తిరుగుతాయి. దీనిని ఆ ప్రాంతపు వారు "మంచు పట్టింది" అంటారు. పొలంగట్టున గడ్డిపరక కొనపై నిలిచిన బిందువూ వారికి మంచే. చింతపల్లి మండలంలోని లంబసింగిలో బాగా చలి ముదిరిన రోజులలో గడ్డిపై తెల్లగా గడ్డకట్టే సన్నని పూతా మంచే. హిమాలయాలలో నిలువెత్తున పేరుకొని నెలల తరబడి కరగని తెల్లని రాశి కూడా మంచే. నాలుగు వేర్వేరు వస్తువులకు తెలుగువారు ఒకే మాటతో సరిపెట్టుకొన్నారు. సంస్కృతంలోనూ పరిస్థితి ఇంచుమించు ఇంతే. నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం అనే మాటలను అమరకోశం పర్యాయపదాలుగానే చెప్పింది.

మంచు కురవని నేలమీద బ్రతికిన వారికి ఈ పదదారిద్ర్యం వలన కలిగిన నష్టమేమీ లేదు. అయితే కాలం మారింది. హైదరాబాదు, విశాఖపట్టణం, విజయవాడ వంటి నగరాల నుండి ఎందరో యువతీయువకులు శీతకాలపు సెలవులలో ఉత్తరాఖండ్‌లోని కేదారకంఠ వంటి శిఖరాలకు, హిమాచల్ ప్రదేశ్ కనుమలకు మంచుపై నడవడానికి వెళ్తున్నారు. తెలుగు సైనికులు సియాచిన్ హిమనదంపై కాపలా కాస్తున్నారు. వారు అడుగుపెట్టే మంచు వారి చిన్ననాటి మంచు కాదు. దానికి పొరలున్నాయి. ఆ పొరలలో కొన్ని మనిషి బరువును మోస్తాయి, కొన్ని మోయవు.

హిమాలయయాత్రకు వెళ్లి మంచు కారణంగా చిక్కుపడిన తొలి వ్యక్తి తెలుగు సాహిత్యంలో ప్రవరుడే కావచ్చు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ఆ గృహస్థు ఒక సిద్ధుడు ఇచ్చిన పాదలేపం మహిమతో క్షణంలో హిమాలయం చేరుకొంటాడు. అక్కడి మంచునీటికి ఆ లేపం కరిగిపోతుంది. తిరిగి ఇల్లు చేరే దారి లేక అతడు కొండలలో తిరుగాడుతుండగా కథ మలుపు తిరుగుతుంది. ప్రవరుడు చూసినదంతా పైకి కనిపించే సౌందర్యం. కాళ్ల క్రింద ఏమి జరుగుతున్నదో అతడు గమనించలేదు. నేటి మంచుయాత్రికులలో పలువురి స్థితి కూడా దీనికి భిన్నంగా లేదు. వారి పాదలేపం కొండ అంచు వరకు వచ్చే మోటారు వాహనం.

పర్వతపు వాలుపై పేరుకొన్న మంచు ఒక్కసారిగా పట్టుతప్పి క్రిందికి దూకడాన్ని హిమసంపాతం అంటారు. వార్తాపత్రికలలో "మంచుచరియలు విరిగిపడ్డాయి" అని కనిపించేది దీనినే. వర్షాకాలంలో పాడేరు ఘాటీలో కొండచరియలు విరిగిపడటం చూసిన వారికి ఈ పోలిక సులభంగా అర్థమవుతుంది. అయితే రెంటికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. మట్టిచరియ సాధారణంగా వాననీటితో నాని, తన బరువుకు తాను జారుతుంది. ఆ దారిన పోయేవారు దానికి కారకులు కారు. మంచుకొండలలో విహారానికో, ఆరోహణకో వెళ్లినవారు మరణించిన ప్రమాదాలను పరిశీలిస్తే, పదింట తొమ్మిదింటిలో ఆ చరియను కదిలించినది బాధితుడో, అతని తోటివారిలో ఒకరో అని తేలింది. ప్రమాదం వచ్చి మీద పడటం కాదు, మనిషే వెళ్లి దానిని తట్టి లేపుతున్నాడు.

హిమసంపాతాలలో మూడు రకాలు ప్రధానమైనవి. మొదటిది పొడిమంచు జారుడు. క్రొత్తగా కురిసిన వదులు మంచు ఒక బిందువు వద్ద కదిలి, విసనకర్రవలె విస్తరిస్తూ క్రిందికి జారుతుంది. ఇది సాధారణంగా చిన్నది. అయినా మనిషిని లోయలోకి నెట్టడానికి చాలు. రెండవది హిమనదాల అంచున వ్రేలాడే మంచుగడ్డలు విరిగిపడటం. మూడవది, మంచుపై నడిచేవారిని అన్నింటికన్న ఎక్కువగా బలిగొనేది, పలకజారుడు.

రెండవ రకానికి సంబంధించిన రెండు ఉదంతాలు తెలుగువారికి దగ్గరివి. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దక్షిణ మార్గంలో ఖుంబు మంచుజలపాతం వద్ద పడమటి భుజం నుండి భారీ మంచుగడ్డలు కూలి 16 మంది నేపాలీ శ్రామికులు మరణించారు. ఆ ఏడాది ఆ వైపు యాత్రలు దాదాపుగా నిలిచిపోయాయి. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులైన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ కాలంలోనే టిబెట్ వైపునున్న ఉత్తర మార్గాన ఉండటం వలన వారి యాత్ర కొనసాగింది. మే 25న వారు శిఖరాన్ని చేరారు. అప్పటికి పూర్ణకు ఇంకా 14 ఏళ్లు నిండలేదు.

రెండవ ఉదంతం విషాదకరమైనది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనం స్థావరంపై మంచుగోడ కూలి, మద్రాసు రెజిమెంటు 19వ దళానికి చెందిన 10 మంది సైనికులు దాని అడుగున చిక్కుకొన్నారు. వారిలో కర్నూలు జిల్లాకు చెందిన యువకుడు ఒకరు. ఆరు రోజుల తరువాత కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప ఒక్కడే ప్రాణాలతో బయటపడ్డాడు. గుడారంలో కొద్దిపాటి గాలి చిక్కుకొని ఉండటం అతనిని అంతకాలం నిలిపింది. ఢిల్లీ ఆసుపత్రిలో ఫిబ్రవరి 11న అతడు కూడా కన్నుమూశాడు. ఇటువంటి మంచుగోడ ఎప్పుడు విరుగుతుందో ముందుగా చెప్పడం నిపుణులకు కూడా అసాధ్యం. దాని నీడలో గడిపే సమయాన్ని తగ్గించుకోవడం తప్ప యాత్రికుడు చేయగలిగినది స్వల్పం. కాపలా కాసే సైనికునికి ఆ అవకాశమూ ఉండదు.

పలకజారుడు అట్లా కాదు. అది ముందుగా గుర్తించదగినది. అందుకు మంచు ఎట్లా పేరుకొంటుందో తెలియాలి.

శీతకాలంలో మంచు ఒకేసారి కురవదు. కార్తీకంలో కొంత, పుష్యంలో మరికొంత, మాఘంలో ఇంకొంత కురుస్తుంది. నడుమ ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, గడ్డకట్టే చలి వస్తుంది. ప్రతి మార్పు తన గుర్తును ఒక పొరగా వదిలి వెళ్తుంది. ఎండకు కరిగి రాత్రికి గడ్డకట్టిన పొర గాజువలె నున్నగా ఉంటుంది. గాలి తెచ్చి నొక్కిన పొర గట్టిపలకవలె ఉంటుంది. నిశ్శబ్దంగా కురిసిన పొర దూదివలె మెత్తగా ఉంటుంది. ఈ మొత్తం రాశిని హిమసంచయం అనవచ్చు. దానిని నిలువునా కోసి చూసిన నిపుణుడు ఆ ఏటి శీతకాలమంతా ఏ వారం ఎట్లా గడిచినదో చదివి చెప్పగలడు.

ఈ పొరలు కురిసినప్పుడు ఉన్నట్లే ఉండిపోవు. అడుగున మార్పు చెందుతూనే ఉంటాయి. అది రెండు విధాలుగా సాగుతుంది. ఈ భేదాన్ని అనకాపల్లి, చోడవరం ప్రాంతపు వారికి తెలిసిన చెరకుతోనే చెప్పవచ్చు. ఒకే చెరకురసం నుండి బెల్లమూ తయారవుతుంది, పంచదారా తయారవుతుంది. బెల్లందిమ్మను వాలుబల్లపై పెడితే అది ఒకే ముద్దగా నిలుస్తుంది. పంచదారను పోస్తే ఏ పలుకుకు ఆ పలుకే విడివడి జారిపోతుంది. మంచు కూడా అంతే. పరిస్థితులు అనుకూలించినప్పుడు దాని రేణువులు గుండ్రనై, ఒకదానితో ఒకటి అతుక్కొని బెల్లందిమ్మవలె బిగుస్తాయి. అనుకూలించనప్పుడు కోణాలు తేలి, ఒకదానినొకటి పట్టుకోలేని పంచదార పలుకులుగా మారుతాయి.

ఈ రెండవ మార్పుకు కారణం వేడిమిలోని తేడా. హిమసంచయం అడుగున నేల దాదాపు సున్నా డిగ్రీల వద్ద ఉంటుంది. పైన గాలి ఎంతో చల్లగా ఉంటుంది. అడుగునున్న నీటి ఆవిరి వెచ్చని చోటు నుండి చల్లని చోటికి పొరల సందులగుండా పైకి ప్రయాణిస్తుంది. ఆ ప్రయాణం వేగంగా సాగితే రేణువులు కోణాకారంలో పెరుగుతాయి. మీటరు లోతుకు సుమారు 10 డిగ్రీల తేడా దాటితే ఈ మార్పు బలపడుతుందని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ఒక చోట రెండు మీటర్ల మంచు ఉన్నదనుకొందాం. పైన చలి మైనస్ 20 డిగ్రీలు. అప్పుడు తేడా మీటరుకు 10 డిగ్రీలు మాత్రమే. అదే చలిలో అర మీటరు మంచు మాత్రమే ఉన్న చోట తేడా మీటరుకు 40 డిగ్రీలు. అంటే పలుచని మంచులోనే పంచదార పొర త్వరగా పుడుతుంది. మంచు తక్కువగా ఉంటే ప్రమాదం కూడా తక్కువ అని క్రొత్తవారు భావించడం సహజం. శీతకాలపు ఆరంభంలో కొద్దిగా కురిసి, తరువాత వారాల తరబడి నిర్మలాకాశంతో చలి కాచిన సంవత్సరాలే పర్వతవాసులను ఎక్కువగా భయపెడతాయి. ఆ పలుచని అడుగుపొర పంచదారగా మారి కాచుకొని ఉంటుంది. ఆపైన జనవరిలో మీటరు మంచు కురిసినప్పుడు దాని బరువంతా ఆ పలుకులపైనే పడుతుంది.

బలహీనపు పొర మరొక విధంగా కూడా పుడుతుంది. ఇది తెలుగువారికి మరింత పరిచితమైనది. గాలి లేని నిర్మలమైన రాత్రి నేల త్వరగా చల్లబడి గాలిలోని తేమ గడ్డిపై బిందువులుగా చేరుతుంది. లంబసింగి చలిలో అదే పూత గడ్డకడుతుంది. హిమాలయంలో అదే రాత్రి అదే తేమ మంచు ఉపరితలంపై ఈకలవంటి స్ఫటికాలుగా మొలుస్తుంది. తెల్లవారి ఎండలో అవి రత్నాలవలె మెరుస్తాయి. ఛాయాచిత్రాలు తీసుకొనే వారికి అంతకన్న మనోహరమైన దృశ్యం లేదు. దీనిని తుషారపు పూత అనవచ్చు. ఎండకో, గాలికో అది నశిస్తే బాధ లేదు. నశించకముందే దానిపై క్రొత్త మంచు కురిస్తే ఆ ఈకల స్ఫటికాలు నిలువునా నిలిచి, పైపొరకూ క్రిందిపొరకూ నడుమ కప్పబడిపోతాయి. కాలక్రమాన పైపొర గట్టిపడి పలక అవుతుంది. పలక క్రింద పేకముక్కలను నిలబెట్టినట్లు ఆ స్ఫటికాలు వారాల తరబడి ఉండిపోతాయి. పైనుండి చూసిన వారికి అక్కడ కనిపించేది తెల్లని చదునైన మంచు మాత్రమే.

ఆ పలకపై ఒక మనిషి అడుగుపెడతాడు. అతని బరువు లోపలికి చేరి ఒక చోట ఆ స్ఫటికాలను నలుపుతుంది. ఒకటి కూలితే దాని ప్రక్కది కూలుతుంది. కనురెప్ప వేసి తెరిచేంతలో ఆ పగులు అడుగున వాలంతటా పాకుతుంది. తరువాత పైనున్న పలక అద్దం పగిలినట్లు విడిపోయి జారుతుంది. యాత్రికుడు ఆ పలక అంచున కాదు, దాని నడిమధ్యన నిలబడి ఉంటాడు. 50 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు, అర మీటరు మందం గల పలకను లెక్కకు తీసుకొంటే దాని పరిమాణం 1,250 ఘనమీటర్లు. ఘనమీటరుకు 200 కిలోల చొప్పున దాని బరువు 250 టన్నులు. ఒక్కొక్కటి పది టన్నుల చెరకు మోసే 25 లారీలు ఒకేసారి కొండమీది నుండి దొర్లినట్లు భావించవచ్చు. పర్వతాల కొలతలో ఇది చిన్న పలక.

ప్రతి వాలూ ఇట్లా జారదు. వాలు 30 డిగ్రీలకు తక్కువైతే పలక సాధారణంగా కదలదు. మరీ నిటారైతే మంచు నిలవక ఎప్పటికప్పుడు రాలిపోతుంది. 30 నుండి 45 డిగ్రీల వరకు గల వాలులలోనే పలకజారుళ్లు అత్యధికంగా సంభవిస్తాయి. ఇళ్లలోని మెట్ల వాలు ఇంచుమించు 30 డిగ్రీలు ఉంటుంది. దానికన్న కొంచెం నిటారుగా, ఎక్కడానికి వీలుగా, జారడానికి ఉత్సాహంగా కనిపించే వాలే ప్రాణాంతకమైన వాలు. దీనిని కొలవడానికి చిన్న పరికరాలున్నాయి. కంటిచూపును నమ్ముకొనేవారు సాధారణంగా తప్పుగానే అంచనా వేస్తారు. తాము నిలిచిన చోటు చదునుగా ఉంటే చాలదు. పైన నిటారు వాలు ఉంటే, క్రింద చదును నేలమీద నడిచేవారి అడుగుల ఒత్తిడికి కూడా పగులు పైకి ప్రాకి ఆ వాలు కూలవచ్చు.

గాలిని గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆకాశం నుండి కురిసే మంచుకన్న గాలి మోసుకువచ్చే మంచు త్వరగా పేరుకొంటుంది. శిఖరానికి ఒక వైపు ఊడ్చి, మరొక వైపు గుమ్మరిస్తుంది. ఆ మరుగువైపున కొన్ని గంటలలో గట్టిపలక సిద్ధమవుతుంది. శిఖరపు అంచున పూరింటి చూరువలె మంచు వ్రేలాడుతుంది. ఆ చూరుపై నిలిచి క్రింది లోయను చూడాలని ఉబలాటపడిన వారు నేలపై కాక గాలిపై నిలబడినట్లే. మబ్బులేని దినాన మంచు కురవకపోయినా, గాలి వీచిందంటే బరువు పెరిగినట్లే భావించాలి. ఆకస్మికంగా వెచ్చబడటం, మంచుపై వాన పడటం కూడా పట్టును సడలిస్తాయి. కేకలు వేస్తే మంచుచరియలు విరిగిపడతాయనే నమ్మకం మాత్రం చలనచిత్రాల పుణ్యమే. మనిషి గొంతుకు అంతటి శక్తి లేదు. అతని పాదానికి ఉంది.

ప్రమాదం పొంచి ఉన్నప్పుడు పర్వతం కొన్ని సూచనలు ఇస్తుంది. అదే వైపు తిరిగిన మరొక వాలుపై క్రొత్తగా జారిన చరియ కనిపించడం అన్నింటికన్న స్పష్టమైన సూచన. అడుగు వేసినప్పుడు కాళ్ల క్రింద మంచు "వుంఫ్" అని మూలిగి కొద్దిగా కుంగడం మరొకటి. అది లోపలి బలహీనపు పొర కూలిన చప్పుడు. చదునుపై కనుక వారు బ్రతికారు. పాదం నుండి పగులు గీతవలె ముందుకు పరుగెత్తడం కూడా అటువంటిదే. గడిచిన 24 గంటలలో ఒక అడుగు మంచు కురిసినా, గాలి బలంగా వీచినా ఆ దినం నిటారు వాలుల జోలికి పోకూడదు.

అనుభవజ్ఞులు సురక్షితమైన చోట గొయ్యి త్రవ్వి పొరలను పరీక్షిస్తారు. గోడవలె కోసిన మంచులో వేలు, పిడికిలి, పెన్సిలు గుచ్చి ఏ పొర ఎంత గట్టిదో చూస్తారు. తరువాత 30 సెంటీమీటర్ల చతురపు స్తంభాన్ని విడదీసి, దానిపై పార పెట్టి తడతారు. మణికట్టు నుండి పది దెబ్బలు, మోచేతి నుండి పది, భుజం నుండి పది. ఎన్నవ దెబ్బకు స్తంభం ఏ పొర వద్ద తెగినదో, తెగిన ముక్క సొరుగువలె నున్నగా జారినదో, ముక్కముక్కలుగా విరిగినదో గుర్తిస్తారు. మొదటి దెబ్బలకే నున్నగా జారితే వెనుదిరుగుతారు. అయితే ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. స్తంభం గట్టిగా నిలిచినంత మాత్రాన వాలంతా గట్టిదని చెప్పలేము. పది అడుగుల అవతల, ఒక బండ చుట్టూ మంచు పలుచబడిన చోట, ఆ పొర బలహీనంగా ఉండవచ్చు. తమకన్న ముందు నలుగురు నడిచిన జాడ ఉన్నదని ధైర్యపడే అయిదవ వాని విషయంలో జరిగేది ఇదే. ఆ నలుగురి పాదాలు ఆ పలుచని చోట పడలేదు.

భారతదేశంలో ఈ విషయాన్ని అధ్యయనం చేయడానికి రక్షణ పరిశోధన సంస్థ 1969లో మనాలి వద్ద హిమ, హిమసంపాత అధ్యయన సంస్థను నెలకొల్పింది. 2020లో అది మరొక సంస్థతో కలిసి చండీగఢ్ కేంద్రంగా గల రక్షణ భూసమాచార పరిశోధన సంస్థగా రూపొందింది. జమ్మూకాశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ తదితర ప్రాంతాలకు ఆ సంస్థ హెచ్చరికలు వెలువరిస్తుంది. 2025 ఫిబ్రవరి 27 సాయంత్రం ఉత్తరాఖండ్‌లోని చమోలీ మొదలైన జిల్లాలలో 2,400 మీటర్లకు పైబడిన ప్రదేశాలకు ఇట్టి హెచ్చరిక వెలువడింది. మరునాటి ఉదయం బదరీనాథ్ సమీపంలోని మాణా గ్రామం వద్ద సరిహద్దు రహదారుల సంస్థ శిబిరంపై హిమసంపాతం విరుచుకుపడింది. 54 మంది కార్మికులు చిక్కుకొన్నారు. 46 మందిని రక్షించగలిగారు. 8 మంది మరణించారు. వారిలో పలువురు నివసించిన ఇనుప పెట్టెల వంటి గదులు నలిగిపోకుండా గాలిని నిలిపి ఉంచడం చాలామందిని కాపాడింది. హెచ్చరిక వెలువడటం ఒక పని. అది ఆ రాత్రి కొండపై నిద్రించే కూలివానిని చేరి, అతడు చోటు మార్చుకొనే వీలు కల్పించడం మరొక పని. మొదటిది శాస్త్రజ్ఞులు చేశారు.

ప్రపంచంలోని పర్వతదేశాలు ప్రమాదతీవ్రతను అయిదు స్థాయిలుగా విభజించి ప్రకటిస్తాయి. వింతైన విషయమేమంటే మరణాలు అత్యధికంగా సంభవించేది అయిదవ స్థాయిలో కాదు, మూడవ స్థాయిలో. నాలుగు, అయిదు స్థాయిలలో తుఫాను చూసి జనం బయటకు రారు. మూడవ స్థాయి నాటికి మబ్బు విడిపోయి ఉంటుంది. నీలాకాశం, మెరిసే క్రొత్త మంచు, సెలవు దినం. పైగా వేలకు వేలు ఖర్చుపెట్టి మూడు రైళ్లు మారి వచ్చిన వారికి, మరునాడు తిరుగు ప్రయాణపు టిక్కెట్టు ఉన్నవారికి, శిఖరం ఎదురుగా కనిపిస్తూ ఉండగా వెనుదిరగడం కష్టం. జట్టులో ఒకరికి సందేహం కలిగినా పదిమంది ముందు పిరికివాడనిపించుకోవడానికి ఇష్టపడక మౌనంగా ఉంటారు. శాస్త్రజ్ఞులు మంచును పరిశీలించినంత శ్రద్ధగా ఈ మౌనాన్ని కూడా పరిశీలించవలసి వచ్చింది.

శిక్షణ పొందిన వారు దీనికి అతీతులు కారు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డండా శిఖర ప్రాంతంలో ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థకు చెందిన శిక్షణార్థులు, శిక్షకులు హిమసంపాతంలో చిక్కుకొన్నారు. 27 మృతదేహాలు లభించాయి. అది నడి శీతకాలం కూడా కాదు. శరదృతువు. ఎత్తైన చోట్ల మంచు పంచాంగాన్ని పాటించదు.

జారిన చరియలో మనిషి కొట్టుకుపోయినప్పుడు అతని ఆయువు నిమిషాలలో లెక్కింపబడుతుంది. జారుతున్నంతసేపు నీటివలె ప్రవహించిన మంచు ఆగిన మరుక్షణంలో సిమెంటువలె బిగుసుకొంటుంది. లోపలివాడు వేలు కూడా కదల్చలేడు. పైకి ఏది, క్రిందికి ఏది అని అతనికి తెలియదు. అతని ఊపిరి వేడికి ముఖం ముందు మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి గాలిని అడ్డుకొంటుంది. పది నిమిషాలలోపు వెలికితీసిన పదిమందిలో తొమ్మిదిమంది బ్రతికారు. అరగంట గడిచిన తరువాత తీసినవారిలో బ్రతికినది ముగ్గురే. సోనం స్థావరంలో ఆరు రోజులు నిలిచిన ప్రాణం ఈ లెక్కకు అందని అపవాదం. క్రింది ఊరి నుండి సహాయకదళం రావడానికి అరగంట చాలదు. కనుక రక్షించగలిగినవారు అక్కడే ఉన్న తోటివారు మాత్రమే.

ఈ కారణం చేతనే మంచువాలులపైకి వెళ్లే ప్రతివారి వద్దా మూడు వస్తువులు ఉండాలి. మొదటిది ట్రాన్స్‌సీవర్. ఒంటికి కట్టుకొన్న ఈ చిన్న రేడియో పరికరం నిరంతరం సంకేతాలు పంపుతూ ఉంటుంది. మిగిలినవారు తమ పరికరాలను వెదకే స్థితికి మార్చి ఆ సంకేతం వెంట నడుస్తారు. రెండవది మడత విప్పితే రెండు మూడు మీటర్లు సాగే ప్రోబ్ కడ్డీ. మూడవది లోహపు పార. ఒకటి ఉండి మరొకటి లేకపోతే ప్రయోజనం లేదు. చోటు తెలిసినా చేతులతో ఆ మంచును త్రవ్వడం సాధ్యం కాదు. ప్రమాదకరమైన వాలును దాటవలసి వస్తే అందరూ కలిసి నడవరు. ఒకరు దాటేవరకు మిగిలినవారు సురక్షితమైన చోట నిలిచి అతనినే చూస్తూ ఉంటారు. అట్లా చూడటంలో ఒక ఉద్దేశం ఉంది. మంచు కదిలితే అతడు చివరిసారిగా కనిపించిన చోటు గుర్తుంటుంది. వెదకులాట అక్కడి నుండి క్రిందికి సాగుతుంది. సంకేతం బలపడిన చోట ప్రోబ్ కడ్డీని వాలుకు లంబంగా, చేతివెడల్పు ఎడంతో సుడిగా గుచ్చుతూ పోతారు. గట్టిమంచుకు తగిలిన కడ్డీ "ఠక్" మంటుంది. శరీరానికి తగిలిన కడ్డీ మెత్తగా ఆగుతుంది. అక్కడ కడ్డీని పెరికివేయక అట్లాగే నిలిపి ఉంచుతారు. దాని పైనుండి నిలువుగా త్రవ్వరు. అడుగునున్నవాని ఊపిరికి మిగిలిన కొద్దిపాటి చోటు పైనుండి పడే బరువుకు కూలుతుంది. కడ్డీకి పల్లం వైపున కొంత దూరం జరిగి, అక్కడి నుండి లోనికి సొరంగంవలె త్రవ్వుకొంటూ వెళ్తారు. ముందుగా ముఖం, తరువాత ఛాతీ బయటపడేటట్లు చూస్తారు. అప్పటికి ఎన్ని నిమిషాలు గడిచాయో గడియారం చూసి చెప్పడానికి ఒకరు ప్రక్కన నిలబడి ఉంటారు.